గుండు ఉంది, రోలు లేదు: లోపలి మనసును పోలికతో, కథతో తడిమే దారుల్లో మీకు ఏది సరిపోతుంది?

మా చిన్నమ్మకు భర్త పోయి ఏడాది దాటింది. పాకాల దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. పోయిన సంక్రాంతి తర్వాత తిరుపతికి వచ్చి నా దగ్గర నాలుగు రోజులు ఉంది. ఒక రాత్రి మిద్దె మీద కూర్చుని ఉన్నప్పుడు "ఎట్లుంది చిన్నమ్మా?" అని అడిగాను. "ఏం చెప్పేది అమ్మణ్ణీ, ఇక్కడ గుండ్రాయి పెట్టినట్టు ఉండాది" అని రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది.

మనందరం అనే మాటే. ఎవరు విన్నా బరువు అనే అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. ఏడ్చేస్తే తేలికపడుతుందని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఎందుకో ఆగి, "ఎట్లాంటి గుండ్రాయి చిన్నమ్మా?" అన్నాను.

"రోటి గుండ్రాయి. మా అమ్మది. నున్నగా ఉంటాదే, అది."

"అది ఎక్కడుంది?"

"ఇంట్లోనే ఉండాది. మునగచెట్టు కింద."

"ఆ గుండ్రాయి గురించి ఇంకేమైనా ఉందా?"

చాలాసేపు పలకలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "గుండు ఉండాది. రోలు లేదు. మా అమ్మోళ్ల ఇల్లు అమ్మినప్పుడు రోలు నేలలో పాతిపెట్టి ఉంటే పెరకలేకపోయినారు. గుండు మటుకు నేను తెచ్చుకున్నా."

ఆమె చెబుతున్నది బరువు గురించి కాదు. జత పోయి మిగిలిన రాయి గురించి. నేను "బరువు దించుకో చిన్నమ్మా" అని ఉంటే, ఆమె సరేనని తలూపి కిందికి దిగిపోయేది. ఆ మాట లోపలే ఉండిపోయేది.

మనసు లోపల దాగినదాన్ని పోలికతో, కథతో బయటికి తెచ్చే పద్ధతులు ఇప్పుడు చాలా ఉన్నాయి. రాసుకోమంటారు ఒకరు, కౌన్సెలింగ్‌కు వెళ్లమంటారు ఇంకొకరు, కళ్లు మూసుకుని ఊహించుకోమంటారు మరొకరు. ఏది మంచిదని నన్ను అడిగేవాళ్లకు నేను ఒకటే కొలత చెబుతాను. ఆ పద్ధతిలో మీ పోలిక ఎవరి చేతిలో ఉంటుందో చూడండి. మీ చేతిలోనే ఉంటుందా, ఎదుటి మనిషి లాక్కుని తన అర్థం తగిలించి తిరిగి ఇస్తాడా? ఖర్చు, టైము, పేరుప్రఖ్యాతులు అన్నీ దీని తర్వాతే.

పోలిక అంటే కవులు వాడే అలంకారం అని బళ్లో చదువుకున్నాం. 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు అమెరికా పండితులు, మామూలు మనుషుల ఆలోచనే పోలికల మీద నడుస్తుందని వాదించారు. మన తెలుగు చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. మనసు విరిగింది, గుండె చెరువైంది, మాట గొంతులో అడ్డంపడింది, కోపం కడుపులో పెట్టుకున్నాడు. ఇవేవీ కవిత్వం కోసం అన్నవి కావు. అంతకన్నా సూటిగా చెప్పడానికి మాటలు లేక అన్నవి.

ముందుగా అందరికీ అందుబాటులో ఉన్నది, పైసా ఖర్చు లేనిది: ఒంటరిగా రాసుకోవడం. దీని మీద పేరున్న పరిశోధన అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్‌ది. 1986లో ఆయన, శాండ్రా బీల్ కలిసి కొంతమంది కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన సంఘటన గురించి రాయించారు. జరిగిన సంగతి, దానివల్ల తమకు కలిగిన బాధ, రెండూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి ఆరు నెలల్లో కాలేజీ ఆరోగ్య కేంద్రానికి మిగతావాళ్లకన్నా తక్కువసార్లు వెళ్లారు. అయితే రాసిన వెంటనే వాళ్ల మనసు తేలికపడలేదు, ఇంకా దిగులుపడింది. ఈ రెండో సంగతి చాలామంది చెప్పరు. చెప్పకపోవడం వల్ల మొదటిరోజు రాసి, ఏడుపొచ్చి, ఇది నాకు పడదని నోటుపుస్తకం మూసేసినవాళ్లు నాకు తెలుసు.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లను దగ్గర కూర్చుని చూసి ఉంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. కరక్కాయ పాలల్లో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద ఎరుపు రావాల్సిన చోటంతా ముందు పటిక నీళ్లు పూస్తారు. పూసినప్పుడు అక్కడ ఎరుపు జాడే ఉండదు. ఆ గుడ్డను రంగు నీళ్లలో ఉడకబెట్టినప్పుడు పటిక పట్టిన చోటే ఎరుపు తేలుతుంది. నాలుగు రోజుల రాత కూడా పటిక పూయడం లాంటిదే. ఆ పూటే రంగు కనబడాలని చూస్తే నిరాశే మిగులుతుంది.

ఈ దారి ఎవరికి? చెప్పుకోవడానికి నమ్మకమైన మనిషి లేనివాళ్లకు, నలుగురున్న ఇంట్లో గొంతు విప్పలేని కోడళ్లకు, హాస్టల్ పిల్లలకు. అక్షరదోషాలు పట్టించుకోవద్దు. ఎవరైనా చదువుతారని భయం ఉంటే రాసి చించేయండి. పడుకునే ముందు మాత్రం వద్దు, నిద్ర చెడుతుంది. దుఃఖం మరీ పచ్చిగా ఉన్న మొదటి వారాల్లో కూడా తొందరపడొద్దు. "నేను" అని రాస్తుంటే చెయ్యి ఆగిపోతోందా? "ఒక ఊర్లో ఒకామె ఉండేది" అని మొదలుపెట్టండి. ఆ ఒకామె వెనక నిలబడి మీరు చాలా దూరం నడుస్తారు. దీని లోపం ఒక్కటే. తిరిగి ప్రశ్న అడిగే మనిషి ఉండడు. ఒకే గుండ్రంలో తిరిగేవాళ్లు పుస్తకం నిండా తిరుగుతూనే ఉంటారు.

రెండోది సమస్యకు పేరు పెట్టి మనిషి నుంచి విడదీయడం. ఆస్ట్రేలియాలో మైకేల్ వైట్, న్యూజిలాండ్‌లో డేవిడ్ ఎప్స్టన్ 1980లలో దీన్ని ఒక చికిత్సగా పెంచారు. నేరేటివ్ థెరపీ అంటారు. మనిషి సమస్య కాదు, సమస్యే సమస్య అన్నది వాళ్ల మూలసూత్రం. "నేను పిరికిదాన్ని" అనే పిల్లను "ఆ పిరికితనం నీ దగ్గరికి ఎప్పుడెప్పుడు వస్తుంది? నువ్వు దాన్ని గేటు బయటే నిలబెట్టిన రోజు ఏదైనా ఉందా?" అని అడుగుతారు.

మా వీధిలో ఇంటర్ చదివే ఒక అమ్మాయికి పరీక్షల టెన్షన్. దానికి ఏం పేరు పెడతావని అడిగితే, క్షణం ఆలోచించకుండా "కంపార్ట్‌మెంట్" అంది. కొండ మీద దర్శనం క్యూలో కంపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టి గేటు వేసేస్తారు కదా, ఎప్పుడు తీస్తారో తెలియదు, బయటికి పోలేము, అట్లా ఉంటుంది అక్కా అంది. కంపార్ట్‌మెంట్‌లో ఎప్పుడైనా బాగున్నావా అని అడిగాను. పక్కన ఎవరైనా పాట పాడుతుంటే బాగుంటుందంది. ఆ పిల్ల ఇప్పుడు ఒంటరిగా గది తలుపు వేసుకుని చదవడం మానేసి స్నేహితురాలి ఇంట్లో చదువుకుంటోంది. ఆ ఉపాయం నేను చెప్పింది కాదు. తన పోలికలో నుంచి తనే తీసుకుంది.

తమను తాము తిట్టుకునే అలవాటు ఉన్నవాళ్లకు, పిల్లలకు ఈ దారి నిజంగా మేలు చేస్తుంది. మన ఊరికి ఇది కొత్తా కాదు. తిరుపతిలో మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే రోజుల్లో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండల వేషం అని రోజుకొక వేషం కడతారు. వేషం కట్టినవాళ్లు బూతులు తిట్టడం ఆనవాయితీ. ఆడవాళ్లను వేధించిన పాలెగాడిని వెతుకుతూ గంగమ్మ మారువేషాల్లో తిరిగిందని, దొర వేషం నాడు వాడు బయటపడి చచ్చాడని కథ. ఏడాదంతా మింగిన కోపానికి ఆ వారం ఒక ముఖం, ఒక రంగు, ఒక పేరు దొరుకుతాయి. జాతర చికిత్స అని నేను అనడం లేదు. జాతర భక్తి. కానీ కోపాన్ని మనిషి నుంచి వేరు చేసి వీధిలో నడిపించవచ్చని మన పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు.

ఒక జాగ్రత్త. అవతల ఉన్నది నిజంగా కొట్టే భర్తో, వేధించే అధికారో అయితే, సమస్యకు ముద్దుపేరు పెట్టి కూర్చోకూడదు. అప్పుడు కావాల్సింది పోలిక కాదు, రక్షణ.

మూడోది నేను చిన్నమ్మతో చేసింది. నా మనసు మొగ్గేది దీనివైపే. న్యూజిలాండ్‌కు చెందిన డేవిడ్ గ్రోవ్ 1980లలో దీన్ని తయారుచేశాడు. క్లీన్ లాంగ్వేజ్ అని పేరు. మనిషి అన్న మాటను అదే మాటగా తిరిగి అని, దానికి ఏమీ కలపకుండా అడగడం. "ఎట్లాంటి గుండ్రాయి?" "అది ఎక్కడుంది?" "ఇంకేమైనా ఉందా?" "అది దేనిలాగా ఉంది?" "ఆ తర్వాత ఏమవుతుంది?" దాదాపు ఇంతే. వినడానికి తేలిక. చేయడం కష్టం. ఎందుకంటే ప్రతి ప్రశ్నకూ మధ్యలో మన నోటి చివర ఒక సలహా వచ్చి నిలబడి ఉంటుంది.

ఇది ఎందుకు ముఖ్యమో నాకు ఎదురుదెబ్బ తగిలాకే తెలిసింది. మా నాన్న పోయిన రెండో ఏట ఒకచోట కౌన్సెలింగ్‌కు వెళ్లాను. "బావిలో బొక్కెన జారిపోయినట్టు ఉంది" అన్నాను. ఆయన వెంటనే "అంటే, జీవితం మీద అదుపు పోయిందని మీ భయం" అన్నారు. పెద్ద చదువు చదివిన మనిషి, నేను ఔనన్నాను. మళ్లీ వెళ్లలేదు. చాలా నెలల తర్వాత గిన్నెలు తోముతుండగా తట్టింది. మా పల్లెలో బొక్కెన జారితే ఎవరూ భయపడేవాళ్లు కాదు. పాతాళగరిగె వేసేవాళ్లు. ఇనుప కొక్కేల గుత్తి, తాడు కట్టి దించి నీళ్లల్లో తిప్పితే బొక్కెన చెవి తగులుకుని పైకి వస్తుంది. కానీ పాతాళగరిగె మా ఇంట్లో ఉండేది కాదు. వీధికంతటికీ ఒకటే, మా పెదనాన్న ఇంట్లో ఉండేది. వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. నాన్న పోయాక ఆ ఇంటి గడప నేను తొక్కలేదు, ఏవో మాటలు వచ్చి. నా లోపలి మనసు చెబుతున్నది అదుపు గురించి కాదు, ఆ ఇంటి గురించి. ఆయన "ఎట్లాంటి బొక్కెన?" అని ఒక్కమాట అడిగి ఉంటే, అన్ని నెలలు పట్టేది కాదు.

మీరు అక్కతోనో స్నేహితురాలితోనో ఇంట్లోనే దీన్ని చేసి చూడొచ్చు. ఒకరు చెప్పాలి, ఒకరు అడగాలి, ఇరవై నిమిషాలు చాలు. వాళ్లు "ముల్లు" అంటే మీరూ "ముల్లు" అనే అనండి, "నొప్పి" అనకండి. వాళ్లు ఆగిన చోట ఆగండి. ఆ రోజు సలహా ఇవ్వకండి, రేపూ వద్దు. ఇది పెద్ద గాయాలకు కాదు. మనసులో ఏదో నలుగుతోంది, అదేమిటో తెలియడం లేదు అనే స్థితికి సరిగ్గా సరిపోతుంది. మాటకారితనం అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. నాకు తెలిసి పల్లెలో పెరిగిన పెద్దవాళ్లే దీనిలో అందరికన్నా ముందుంటారు, వాళ్ల దగ్గర వస్తువులు ఎక్కువ, సిద్ధాంతాలు తక్కువ.

అసలు తన గురించి మాట్లాడటమే రాని మనిషి ఉంటాడు. అడిగితే "నాకేం, బాగుండా" అంటాడు. ఆయనకు పై మూడూ పనికిరావు. ఆయనకు వేరొకరి కథ కావాలి. చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజున పిల్లలు లేని ఆడవాళ్లు మాను కింద సాగిలపడతారు. చివర్లో మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి తొడ మీద భీముడు గద వేస్తాడు, ద్రౌపది జుట్టు ముడివేసుకుంటుంది, నిప్పులగుండం తొక్కుతారు. ఆ జుట్టు ముడివేసే ఘట్టంలో ఏ ఇంటి విషయమూ ఎవరికీ చెప్పని ఆడవాళ్లు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఎవరి ద్రౌపది వాళ్లకు ఉంటుంది. ఎందుకు ఏడ్చావని అడిగేవాళ్లు అక్కడ ఉండరు, అదే దాని గొప్పదనం.

అమెరికా వైద్యుడు మిల్టన్ ఎరిక్సన్ తన దగ్గరికి వచ్చినవాళ్లకు సమస్య పేరెత్తకుండా, దానికి దగ్గరగా ఉండే ఇంకేదో కథ చెప్పేవాడు. వినేవాళ్లు తమకు కావాల్సిన ముక్క తామే తీసుకునేవాళ్లు. మన అవ్వలు చేసిందీ అదే. అయితే కథ చెప్పేవాళ్ల చేతిలో పోలిక ఉంటుందని మరిచిపోవద్దు. "సీతమ్మ ఓర్చుకోలేదా తల్లీ" అని కష్టంలో ఉన్న ఆడపిల్లకు చెప్పే కథ, మనసును తెరవడానికి చెప్పింది కాదు, నోరు మూయడానికి చెప్పింది. అట్లాంటి కథ విన్నాక మనసు ఇంకా ముడుచుకుంటే, తప్పు మీది కాదు. ఆ కథను అక్కడే వదిలి రండి.

పదేళ్ల లోపు పిల్లలకు నా సలహా బొమ్మలు. 1929 ప్రాంతంలో లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే వైద్యురాలు ఇసుక పళ్లెం, చిన్న చిన్న బొమ్మలు పిల్లల ముందు పెట్టి, వాళ్లు కట్టుకున్న లోకాన్ని చూసేది. మనింట్లో దసరా కొలువు దించాక అటక మీదికి చేర్చే ముందు, ఒక మధ్యాహ్నం ఆ బొమ్మలు పిల్లలకు వదిలేయండి. మరపాచి బొమ్మలు, శెట్టి బొమ్మ, మట్టి ఆవు, ప్లాస్టిక్ బస్సు, ఏవైనా సరే. ఏది ఎక్కడ పెడతారో చూడండి. "ఈ ఆవు ఎందుకు అంత దూరంగా ఉంది నాయనా?" అని కాకుండా "ఈ ఆవు గురించి చెప్పు" అనండి. "ఎందుకు" అంటే పిల్లలకు తప్పు చేశామేమో అనిపిస్తుంది.

ఇక కళ్లు మూసుకుని లోపలికి దిగే దారి. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1913 చివరి నుంచి తన ఊహల్లో కనబడిన మనుషులతో మాట్లాడి, ఆ మాటలను, బొమ్మలను ఒక పెద్ద ఎర్ర అట్ట పుస్తకంలో ఏళ్ల తరబడి ఎక్కించాడు. అది 2009లో గానీ అచ్చు కాలేదు. అంత లోతుకు దిగినప్పుడు తన కుటుంబం, తన వైద్యవృత్తే తనను నేల మీద నిలబెట్టాయని ఆయనే చెప్పుకున్నాడు. తోడు లేకుండా, పుస్తకం చదివో వీడియో చూసో దీన్ని చేయడం నాకు ఇష్టం లేదు. చెవిలో గొంతులు వినిపించేవాళ్లు, వారం రోజులుగా నిద్రలేనివాళ్లు దీని జోలికే పోకూడదు.

హిప్నాటిజంతో పోయిన జన్మ చూపిస్తాం, చిన్నప్పుడు మీకు జరిగి మీరు మరిచిపోయినది బయటికి తీస్తాం అనేవాళ్లు తగిలితే లేచి వచ్చేయండి. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ అచ్చు వేసిన ప్రయోగంలో 24 మందికి, చిన్నప్పుడు నువ్వు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావని జరగని సంఘటన చెప్పారు. దాదాపు నాలుగో వంతు మంది అది తమకు కొంతైనా గుర్తుందన్నారు. పక్కవాళ్లు పెట్టిన కథ మన జ్ఞాపకంగా మారడానికి ఎంతో సేపు పట్టదు. పోలిక చెప్పేది నిజమే, కానీ అది సాక్ష్యం కాదు. కలలో ఫలానావాడు పాముగా కనిపించాడని వాడి మీద నేరం మోపకూడదు.

డబ్బు కట్టి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలనుకుంటే, క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవాళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడగడం అమర్యాద కాదు. మొదటి రోజు ఒక పోలిక వాళ్ల ముందు పెట్టి చూడండి. వెంటనే అర్థం చెప్పారా, ఇంకా చెప్పమని అడిగారా? నేను ఆ ఒక్క సంగతి చూసే మళ్లీ వెళ్లాలా వద్దా అని తేల్చుకుంటాను.

చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే, తిండీ నిద్రా పూర్తిగా పోయి ఉంటే, ఈ దారులేవీ ఇప్పటికి కావు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. కదల్లేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మందు పని చేసి మనిషి కాస్త కుదుటపడ్డాక కథలు ఎక్కడికీ పోవు.

చిన్నమ్మ ఊరికి వెళ్లాక మునగచెట్టు కింద నుంచి ఆ గుండును తెచ్చి, కడిగి, వసారాలో తను కూర్చునే చోట పెట్టుకుంది. పోయిన వారం ఫోన్ చేసినప్పుడు చెప్పింది. మా తమ్ముడు చూసి, కొత్త రోలు కొనుక్కొస్తాలే చిన్నమ్మా అన్నాడట.

"దానికి ఇది కుదరదు నాయనా, దేని రోలు దానికే అని చెప్పినా" అంది.